సాయం పట్టాకు.. సాగు కష్టం కౌలుదారుకు

(సూర్యాపేటల రైతులు, విద్యార్థులు, ఉద్యోగులు కూడిన సభల చేసిన ప్రసంగ పాఠం)



నన్ను రైతు సబ్సిడీల గురించి మాట్లాడమన్నరు. సబ్సిడీ ఉండాల్నా వద్దా అనే చర్చలకు నేను పోను. పండించిన పంటకు తన ధర తాను చెప్పుకోలేని మనిషి దేశంల రైతు ఒక్కడే. అసుంటి రైతుకు సర్కారు సాయం చేస్తే అది దయ కాదు, బాకీ తీర్చుడు. కాబట్టి సాయం ఎందుకని నేను అడుగుత లేను. సాయం ఎవల చేతికి పోతున్నదని అడుగుతున్న. బడ్జెట్‌ల 'రైతు' అని రాస్తరు. బ్యాంకు ఖాతా కాడికి వచ్చేసరికి ఆ మాటకు 'పట్టాదారు' అని అర్థం మారుతున్నది. రైతు, పట్టాదారు ఒక్కరే అయితే పంచాయితీ లేదు. మన ఊర్లల్ల చానాచోట్ల ఆ ఇద్దరు ఒక్కరు కాదు. ఇయ్యాల నేను చెప్పదల్చుకున్నది ఈ ఒక్క ముచ్చటే.

లెక్క ఎక్కడ మొదలైంది

2018 మే 10న హుజూరాబాద్‌ల రైతుబంధు మొదలైంది. ఎకరానికి పంటకు 4 వేలు, రెండు పంటలకు 8 వేలు. 2019 నుంచి పంటకు 5 వేలు, ఏడాదికి 10 వేలు అయింది. మొదట చెక్కులు పంచిండ్రు, తర్వాత ఖాతాల వేసిండ్రు. పాసుబుక్కుల ఎన్ని ఎకరాలుంటె అన్నింటికి. ఇన్ని ఎకరాల కంటె ఎక్కువకు ఇయ్యం అనే పరిమితి లేదు. సాగు చేస్తున్నవా, పడావు పెట్టినవా అని అడిగింది లేదు. కౌలు రైతులకు ఇయ్యమని అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు బాహాటంగనే చెప్పిండు.

ఈ పథకంల మంచి లేదని నేనంటే అది అబద్ధమైతది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణల దాదాపు 59 లక్షల కమతాలున్నయి. అందుల నూటికి 88 అయిదెకరాల లోపువే. ఆ రెండెకరాల రైతుకు నాటేసే ముందు, మధ్యల దళారి లేకుండ, పది వేలు చేతికొస్తే అది విత్తనానికో ఎరువుకో అక్కరకొచ్చింది. షావుకారి దగ్గర చేయి చాపే పని కొంత తప్పింది. ఆ మేరకు మెచ్చుకోవాల్సిందే.

కాని ఎకరం లెక్కన పంచిన సొమ్ము ఎకరాలున్నోడి దగ్గరికే ఎక్కువ పోతది. రెండెకరాలోడికి ఏడాదికి 20 వేలు, ఇరవై ఎకరాలోడికి 2 లక్షలు. అక్కర ఎవలకు ఎక్కువున్నదో వాళ్లకు తక్కువ, అక్కర లేనోళ్లకు ఎక్కువ. ఉన్నోళ్లు వద్దనుకుంటె వదులుకోవచ్చని 'గివ్ ఇట్ అప్' పిలుపు ఇచ్చిండ్రు. పన్ను కట్టాలె అని చట్టం చేసి, సాయం వదులుకోవాలె అని మాత్రం బతిమాలుడేంది?

ఇంకో వింత చూడుండ్రి. కేంద్రం 2019ల పీఎం కిసాన్ తెచ్చింది. ఏడాదికి 6 వేలు. అందుల ఆదాయ పన్ను కట్టేటోళ్లు, నాలుగో తరగతి వాళ్లు తప్ప మిగతా సర్కారు ఉద్యోగులు, 10 వేలు దాటిన పింఛన్‌దార్లు, డాక్టర్లు, లాయర్లు అనర్హులు. రైతుబంధుల ఆ అడ్డు లేదు. అదే ఆసామి ఢిల్లీ పైసలకు అనర్హుడు, హైదరాబాద్ పైసలకు అర్హుడు. ఒకే మనిషి, ఒకే భూమి!

మూడు పట్నాలు, ఒకటే కథ

మన మూడు పట్నాల చుట్టు ఉన్న భూముల సంగతి మీకు కొత్తగ చెప్పాల్సిన పని లేదు. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ నీళ్లు వదిలిండ్రు. ఎడమ కాల్వ పారిన మేర మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వరి సీమలైనయి. కాల్వ వెంట ధాన్యం, ధాన్యం వెంట మిల్లులు వచ్చినయి. ఇయ్యాల మిర్యాలగూడ మిల్లుల పేరు దేశమంత తెలుసు. సూర్యాపేట దిక్కు కొంత మూసీ కింద, కొంత శ్రీరాంసాగర్ రెండో దశ కాల్వల కింద, మిగిలింది బోర్ల మీద.

నీళ్లొచ్చిన కాడ భూమి ధర పెరిగింది. భూమి ధర పెరిగిన కాడ ఆసామి పిల్లలు సదువుకొని హైదరాబాద్‌కు, అమెరికాకు పోయిండ్రు. అది తప్పు కాదు. భూమి మాత్రం ఊర్లనే ఉన్నది. దాన్ని దున్నే మనిషి ఊర్లనే ఉన్నడు. నాట్ల కాలంల కోదాడ నుంచి హుజూర్‌నగర్ రోడ్డు పొంటి పోతూ ఏ గట్టు మీదనైన నిలబడి 'ఈ మడి ఎవలదన్నా' అని అడుగుండ్రి. ఒక పేరు చెప్తరు. 'మరి నాటేసింది ఎవలు' అని అడుగుండ్రి. ఇంకో పేరు చెప్తరు. ఆ రెండో పేరు ఏ సర్కారు రికార్డుల లేదు.

రైతు స్వరాజ్య వేదిక 2022ల 20 జిల్లాల్లోని 34 ఊర్లల్ల ఇల్లిల్లు తిరిగి సర్వే చేసింది. సాగు చేసేటోళ్లల్ల నూటికి దాదాపు 36 మంది కౌలుకు చేస్తున్నరని తేలింది. అందరు భూమి లేనోళ్లు కాదు. ఎక్కువ మందికి ఎకరమో, అరెకరమో సొంతది ఉండి, దానికి తోడు ఇంకొంత కౌలుకు పట్టినోళ్లే.

ఈ కౌలుదారు పరిస్థితి ఏంది? విత్తనం ఆయనదే, ఎరువు ఆయనదే, కోతమిషన్ కిరాయి ఆయనదే. కౌలు బస్తాలు ఆసామికి కొలవాలె, కొన్నిచోట్ల పైసలు ముందుగాల్నే కట్టాలె. బ్యాంకుల పంటరుణం పుట్టదు, ఎందుకంటె పాసుబుక్కు లేదు. రుణం లేదు కాబట్టి రుణమాఫీ లేదు. 2014ల లక్ష మాఫీ అన్నరు, 2024ల 2 లక్షల మాఫీ అన్నరు. రెండుసార్లు బ్యాంకుల అప్పు ఉన్నోళ్ల పేర్లే చదివిండ్రు. వడ్డీ వ్యాపారి దగ్గరి అప్పును ఏ సర్కారు మాఫీ చేసింది? పెట్టుబడి సాయం వచ్చిందని కౌలు తగ్గించిన ఆసామిని మీలో ఎవరైనా చూసిండ్రా? చూస్తే చేయి లేపుండ్రి, పేపర్ల పేరు రాస్త, ఊరంత సంతోషపడ్తది.

ఒక్క ఏడాది యాది చేసుకుందాం. 2023-24 యాసంగిల సాగర్‌ల నీళ్లు లేక ఎడమ కాల్వ కింద పంటలకు ఇయ్యలే. కాల్వ మీద ఆధారపడ్డ మడి ఎండిపోయింది. ఆలస్యంగనైనా పెట్టుబడి సాయం పట్టా ఉన్నోళ్ల ఖాతాల పడింది. నాటు పడని మడికి పెట్టుబడి ఏంది? ఈ పథకం సాగును చూడదు, కాగితాన్ని చూస్తదనడానికి ఇంతకంటె రుజువు అక్కర లేదు.

సర్కారు మారింది, దారి మారలే

2023 ఎన్నికల ముందు కాంగ్రెస్ పార్టీ రైతులకు, కౌలు రైతులకు ఎకరానికి ఏడాదికి 15 వేలు ఇస్తమన్నది. కౌలు రైతు అనే మాట మేనిఫెస్టోల కనబడంగనే చానామంది ఆశపడ్డరు. 2025 జనవరి 26న రైతు భరోసా మొదలైంది. 15 వేలు 12 వేలైనయి. గుట్టలు, రోడ్లు, వెంచర్లు తీసేసి సాగుకు పనికొచ్చే భూమికే ఇస్తమన్నరు, అది మంచిదే. సాగుల లేని భూములకు 20 వేల కోట్లకు పైగ పోయిందని 2024 డిసెంబర్‌ల శాసనసభల ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి చెప్పిండు గద. కాని పైసలు పోయే దారి మళ్ల పట్టానే. కౌలు రైతు మాట మేనిఫెస్టోల ఉండిపోయింది, మార్గదర్శకాలల్లకు రాలే.

భూమి లేని ఉపాధి కూలీ కుటుంబానికి ఏడాదికి 12 వేలు ఇచ్చే ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కూడ అదే రోజు మొదలైంది. మూడు ఇండ్ల లెక్క వేద్దాం. పేర్లు వద్దు, నిబంధన చూద్దాం. ఇరవై ఎకరాలు ఉండి కౌలుకు ఇచ్చిన ఇంటికి 2 లక్షల 40 వేలు. గుంట భూమి లేని కూలీ ఇంటికి 12 వేలు. పది గుంటలు సొంతం ఉండి, అయిదెకరాలు కౌలుకు చేసే ఇంటికి ఎంత? భూమి ఉన్నది కాబట్టి కూలీ సాయం రాదు. కౌలు భూమికి రాదు. పది గుంటలకు 3 వేలు. అందరికంటె ఎక్కువ అప్పు నెత్తిన పెట్టుకొని పంట తీసేటోడికి అందరికంటె తక్కువ. ఇది లెక్కలో తప్పు కాదు, పథకం అట్లనే కుట్టిండ్రు.

పహాణీల ఒక గడి ఉండేది

ఎట్ల వచ్చింది ఈ పరిస్థితి? నిజాం కాలంల ఈ జిల్లా దేశ్‌ముఖుల చేతుల ఉండేది. జన్నారెడ్డి ప్రతాపరెడ్డి ఒక్కడి కిందనే లక్షన్నర ఎకరాలు ఉండేదని పుచ్చలపల్లి సుందరయ్య రాసిండు. 1946 నుంచి 1951 దాక సాగిన సాయుధ పోరాటంల 'దున్నేవానికే భూమి' అన్న మాట ఈ మట్టిల నుంచే లేచింది. భీమిరెడ్డి నర్సింహారెడ్డి, మల్లు స్వరాజ్యం ఈ గడ్డ బిడ్డలే. ఆ పోరాటం దెబ్బకే 1950ల హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదార్లు అని పేర్లు రాసి హక్కులిచ్చిండ్రు.

ఆనాటి నుంచి ఆసాములకు ఒక భయం పట్టుకున్నది. కాగితం రాస్తె భూమి పోతదని. అప్పటి నుంచి కౌలు నోటిమాట మీదనే నడుస్తున్నది. అయినా పహాణీల పట్టాదారు గడి పక్కన అనుభవదారు గడి ఉండేది. ఊర్ల ఎవలు దున్నుతున్నరో పట్వారి రాసేటోడు. ఆ గడిల అక్రమాలు జరగలేదని అనను. కాని గడి ఉంటే సరిచేయొచ్చు. 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది, గడినే తీసేసిండ్రు. దున్నే మనిషిని సర్కారు పుస్తకంల నుంచి ఒక్క బటన్ నొక్కి మాయం చేసిండ్రు. 2025ల ధరణి పోయి భూభారతి వచ్చింది. చట్టం పేరు మారింది, సాయం పోయే తొవ్వ మారలే.

దీనికి మందు లేదా అంటె ఉన్నది. 2011ల ఉమ్మడి రాష్ట్రంల భూఅధీకృత సాగుదారుల చట్టం చేసిండ్రు. కౌలుదారు దరఖాస్తు పెడితె గ్రామసభల విచారించి ఏడాది పాటు చెల్లే రుణ అర్హత కార్డు ఇయ్యాలె. ఆ కార్డుతోని బ్యాంకు రుణం, పంట నష్ట పరిహారం అడగొచ్చు. భూమి మీద హక్కు మాత్రం రాదని చట్టంలనే స్పష్టంగ రాసిండ్రు. ఆసామి భయం తీరె, కౌలుదారు పని అయె. తెలంగాణ వచ్చినంక కార్డులు ఏడాదికింత తగ్గుకుంట వచ్చి ఆగిపోయినయి.

పాసుబుక్కు లేకుంటె ఏమేం పోతయి

పెట్టుబడి సాయం ఒక్కటే అయితె ఓర్చుకునేటోళ్లు. మిగతావి కూడ ఆ బుక్కు వెంటనే పోతున్నయి. 2018 ఆగస్టుల రైతుబీమా వచ్చింది. 18 నుంచి 59 ఏండ్ల రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు. మంచి పథకం. కాని రైతంటె ఇక్కడ కూడ పట్టాదారే. రైతు స్వరాజ్య వేదిక 2018ల ఆత్మహత్య చేసుకున్న 692 మంది రైతుల కుటుంబాలను కలిసి అధ్యయనం చేస్తె నాలుగింట మూడొంతులు కౌలు రైతులే అని తేలింది. ఎవలు ఎక్కువ చనిపోతున్నరో వాళ్లకే బీమా లేదు.

2024 వానాకాలం నుంచి సన్నవడ్లకు క్వింటాల్‌కు 500 బోనస్ ఇచ్చిండ్రు. కొనుగోలు కేంద్రంల అమ్మినోళ్లకే. మన కాడ ఏం జరుగుతది? కోతమిషన్ నుంచి పచ్చి వడ్లు ట్రాక్టర్‌లకు, ట్రాక్టర్ నుంచి సక్కగ మిర్యాలగూడ మిల్లుకు. కౌలుదారుకు ఆరబెట్టే జాగ లేదు, ఆగే ఓపిక లేదు, అప్పులోడు కల్లం కాడనే నిలబడ్తడు. ఇగ ఆ బోనస్ ఎక్కడిది? కేంద్రానికి పోయినా పట్టాదారు పేరు మీద అమ్మితె పైసలు ఆ ఖాతాల పడి, అక్కడి నుంచి ఈయన అడుక్కోవాలె. 2025 వానాకాలంల యూరియాకు లైన్లు కట్టినప్పుడు చానాచోట్ల పాసుబుక్కు తెమ్మన్నరు. 266 రూపాయల బస్తాకు కూడ పట్టానే!

2024 సెప్టెంబర్ 1న వానలకు నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం కాడ ఎడమ కాల్వకు గండి పడ్డది. పొలాలల్ల ఇసుక మేట వేసింది, కోదాడ నీళ్లల్ల మునిగింది. ఎకరానికి 10 వేల పరిహారం ప్రకటించిండ్రు. మునిగింది కౌలుదారు పెట్టిన పెట్టుబడి. పరిహారం ఆయనకే చేరిందా అని ఊరూరు తిరిగి అడగాల్సిన బాధ్యత మన అందరి మీద ఉన్నది.

'ఏడాదికొకరు మారుతరు' అనే సాకు

కౌలుదారు ఏడాదికొకరు మారుతరు, ఎట్ల గుర్తుపడ్తం అని అధికారులు అంటరు. పంట కూడ సీజన్‌కొకటి మారుతది గద! వ్యవసాయ విస్తరణాధికారి ప్రతి సీజన్‌ల సర్వే నంబర్ వారీగ ఏ పంట వేసిండ్రో నమోదు చేస్తనే ఉన్నడు. ఏ పంట అని రాసే చేయికి, ఎవలు వేసిండ్రో రాయనీకె ఏం అడ్డం? 2023 మార్చిల వడగండ్ల వానకు పంట పోయినప్పుడు అదే చంద్రశేఖరరావు ఖమ్మం జిల్లాకు పోయి ఎకరానికి 10 వేలు ప్రకటించి, కౌలు రైతులను కూడ చూడాలె అని చెప్పిండు. అంటె గుర్తుపట్టొచ్చు. మనసు కావాలె అంతే.

కోదాడ దాటి రామాపురం క్రాస్‌రోడ్డు అవతలికి పోతె జగ్గయ్యపేట. ఆంధ్రప్రదేశ్‌ల 2019ల పంట సాగుదారుల హక్కుల చట్టం చేసిండ్రు. 11 నెలల ఒప్పందంతోని కార్డు. భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదార్లకు అప్పటి రైతు భరోసా కింద ఏడాదికి 13,500 పెట్టిండ్రు. అక్కడ అంత సక్కగ అయిందని చెప్పను. ఒప్పందం మీద ఆసామి సంతకం కావాలనడంతోని చానామందికి కార్డే రాలే. ఒడిశా 'కాలియా' పథకంల భూమి లేని వ్యవసాయ కుటుంబాలను కలిపింది. బెంగాల్ 'కృషక్ బంధు'ల బర్గాదార్లకు జాగ ఇచ్చింది. వాళ్లకు అయినప్పుడు మనకెందుకు కాదు?

ఇది మన దగ్గరి రోగమే కాదు. యూరప్‌ల రైతులకు నేరుగ ఇచ్చే సబ్సిడీల నూటికి 80 పాళ్లు 20 పాళ్ల మందికే పోతున్నయని అక్కడి కమిషనే ఒప్పుకున్నది. 2005ల ఇంగ్లండ్‌ల సబ్సిడీ జాబితా బయటపెడితె రాణి ఎలిజబెత్ ఎస్టేట్ల పేరు కూడ అందుల ఉన్నది. పేరు బయటికి వచ్చినంకనే అక్కడ జనం అడుగుడు మొదలుపెట్టిండ్రు. మన ఊర్ల ఉపాధి పని చేసిన కూలీ పేరు, ఆమె చేసిన దినాలు, తీసుకున్న రూపాయలు సామాజిక తనిఖీల గ్రామసభ ముంగట చదువుతరు. తట్ట మోసిన తల్లి పేరు చదువొచ్చు గాని, లక్షల సాయం తీసుకున్న ఆసామి పేరు చదువొద్దా? పీఎం కిసాన్ జాబితా ఊరువారీగ ఎవరైనా చూడొచ్చు. రైతు భరోసా జాబితా కూడ ప్రతి గ్రామపంచాయతీ గోడ మీద అతికియ్యాలె.

ఉద్యోగులకు, విద్యార్థులకు ఒక మాట

ఇగ ముగిస్త. ఉద్యోగ మిత్రులారా, 2011ల సకల జనుల సమ్మెల మీరు 42 రోజులు జీతం మీద ఆశ వదులుకొని రోడ్ల మీద ఉన్నరు. ఆ దినాలల్ల నేను విద్యార్థిగ మీ వెనుక నడిచిన. నిధులు మనకే దక్కాలె అని అడిగినం. దక్కినయి. ఇప్పుడు ఆ నిధులు మనలో ఎవలకు దక్కుతున్నయని అడుగుకోవాలె. మీలో చానామందికి ఊర్ల భూమి ఉన్నది, కౌలుకు ఇచ్చిండ్రు. మిమ్ముల నేను తప్పు పట్ట. భూమి అమ్ముకొమ్మని చెప్ప. గ్రామసభల నిలబడి 'నా భూమి ఫలానాయన సాగు చేస్తున్నడు' అని ఒక్క మాట చెప్పుండ్రి. 2011 చట్టం ప్రకారం మీ గుంట భూమి కూడ పోదు. పెట్టుబడి సాయం పెట్టుబడి పెట్టినోళ్లకు ఇయ్యుండ్రి, లేకుంటె ఆ మేర కౌలు తగ్గియ్యుండ్రి. మీ నుంచి మొదలైతె మిగతా ఆసాములకు సిగ్గైతది.

విద్యార్థి మిత్రులారా, సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకపోండ్రి. మీ ఊరి సర్వే నంబర్లు, పట్టాదారు ఎవలు, సాగుదారు ఎవలు, సాయం ఎవలకు వచ్చింది, నాలుగు గడులు గీసి రాయుండ్రి. ధరణి చెరిపేసిన గడిని మీ చేతులతోని మళ్ల గీయుండ్రి. ఆ కాగితాలు తీసుకొని తహసీల్దార్ ఆఫీసుకు అందరం కలిసి పోదాం.

అడిగేవి నాలుగే. సాగుదారు పేరు రికార్డుల ఎక్కాలె. 2011 చట్టం కార్డులు మళ్ల ఇయ్యాలె. సాయానికి ఎకరాల పరిమితి పెట్టి, మిగిలిన సొమ్ము కౌలు రైతుకు మళ్లియ్యాలె. ఎవలకు ఎంత పోయిందో ఊరి గోడ మీద రాయాలె.

దున్నేవానికే భూమి అని మన తాతలు కొట్లాడిండ్రు. దున్నేటోడికి కనీసం దున్నుడు ఖర్చన్న ఇయ్యమని అడగనీకె మనం ఎనుక ముందు ఆడితె, ఆ తాతల పేరు చెప్పుకునే హక్కు మనకు ఉండదు.